పొలం గట్టు నుంచి సముద్రపు రాతి దాకా: కుందూ–పెన్నా పరీవాహకంలో కలుపు మందులు, సముద్ర శైవలాలు

వ్యాస సంగ్రహం

పొలంలో వాడే కలుపు మందు కొంత భాగం వాన నీటితో, మురుగు నీటితో వాగులకు, నదులకు, చివరకు సముద్రానికి చేరుతుంది. సముద్రంలో పెరిగే శైవలాలు కూడా పొలంలోని కలుపు మొక్కల వలెనే కిరణజన్య సంయోగక్రియపై ఆధారపడి జీవిస్తాయి. అందువల్ల కలుపును చంపే గుణమే శైవలాలకు ప్రమాదకారణం అవుతుంది. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల సాగునీటి వ్యవస్థ కుందూ, పెన్నా నదుల ద్వారా బంగాళాఖాతంతో ఎలా ముడిపడి ఉన్నదో, ఆ దారిలో కలుపు మందులు ఏ మార్పులకు లోనవుతాయో, శైవలాలపై అవి ఏ విధంగా పనిచేస్తాయో ఈ వ్యాసం వివరిస్తుంది. మందు వేసిన తొలి దినాలలో మడి నీటిని బయటకు వదలకుండా ఉండటమే అన్నింటికన్నా సులభమైన నివారణ అని నిరూపించడం దీని ఉద్దేశం.

కీలక పదాలు: సముద్ర శైవలాలు, కలుపు మందులు, కుందూ నది, పెన్నా నది, నంద్యాల, ఆళ్లగడ్డ, కిరణజన్య సంయోగక్రియ, నీటి యాజమాన్యం.

1. ఉపోద్ఘాతం

నంద్యాల సముద్రానికి దూరంగా, నల్లమల కొండల పడమటి వైపున ఉన్న పట్టణం. 2022 ఏప్రిల్ 4న అది అదే పేరుగల జిల్లాకు కేంద్రమైంది. ఆళ్లగడ్డ దానికి దక్షిణంగా, అహోబిల క్షేత్రానికి చేరువలో ఉన్నది. ఈ రెండు ఊళ్ల మధ్య విస్తరించిన నల్లరేగడి నేలలు రాయలసీమలో వరి, శనగ, పత్తి, మొక్కజొన్న పంటలకు పేరుపొందాయి. ఇక్కడి రైతుకు సముద్రం నిత్యజీవితంలో కనిపించేది కాదు. అయినప్పటికీ అతని మడి తూము నుంచి బయటపడిన నీటికి సముద్రం దాకా దారి ఉన్నది.

వ్యవసాయ రసాయనాల కాలుష్యం గురించి జరిగే చర్చ సాధారణంగా పురుగు మందుల చుట్టూ, మనిషి ఆరోగ్యం చుట్టూ తిరుగుతుంది. కలుపు మందులు మనుషులకు, పశువులకు పురుగు మందులంత విషపూరితాలు కావన్న అభిప్రాయం బలంగా ఉన్నది. అనేక కలుపు మందుల విషయంలో అది కొంతవరకు నిజమే. అయితే ఆ నిజం జంతువులకు సంబంధించినది. హరితరేణువులున్న జీవులకు అది వర్తించదు. నీటిలో బతికే శైవలాల దృష్టితో చూసినప్పుడు, పురుగు మందు కన్నా కలుపు మందే సూటిగా తగిలే విషం.

2. సముద్ర శైవలాలు: స్వరూపం, ప్రయోజనం

వాడుకలో సముద్రపు నాచు అని పిలిచే వాటిని శాస్త్రజ్ఞులు వర్ణాన్ని బట్టి ఆకుపచ్చ, గోధుమ, ఎరుపు శైవలాలని మూడు సమూహాలుగా విభజించారు. ఉల్వా, కాలెర్పా ఆకుపచ్చ శైవలాలు. సర్గాస్సమ్, పాడైనా గోధుమ వర్ణానికి చెందినవి. గ్రాసిలేరియా, జెలీడియమ్ ఎర్ర శైవలాలు. వీటికి నిజమైన వేరు, కాండం, ఆకు ఉండవు. అడుగు భాగం రాతిని పట్టుకొని ఉంటుందే గాని నేల నుంచి ఆహారాన్ని పీల్చదు. శైవలం తన దేహం మొత్తంతో నీటిలోని లవణాలను గ్రహిస్తుంది. నీటిలో కరిగి ఉన్న కలుపు మందు కూడా అదే విధంగా దేహమంతటి నుంచి లోపలికి ప్రవేశిస్తుంది.

ఆంధ్ర తీరంలో శైవలాలు అన్ని చోట్లా సమానంగా పెరగవు. పట్టుకోవడానికి రాయి ఉన్నచోటే అవి గుబురుగా ఎదుగుతాయి. విశాఖపట్నం రాతి తీరం అందుకు అనుకూలమైనది. ఆ తీరంలో ఆటుపోట్ల మధ్య పెరిగే శైవలాలపై ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు జరిపిన జీవావరణ అధ్యయనం 1964లో ప్రచురితమై తరువాతి పరిశోధకులకు మార్గదర్శకమైంది. పెన్నా నది సముద్రంలో కలిసే నెల్లూరు తీరం ఇసుక తీరం. అక్కడ పెద్ద శైవలాల తోటలు కనిపించవు. ఉప్పుటేరుల ఒడ్డున ఉన్న రాళ్లు, ఆల్చిప్పలు, నీటిలో నాటిన కర్రలు, కట్టడాల గోడలు వాటికి ఆశ్రయమిస్తాయి. ఇంకా దక్షిణాన ఉన్న పులికాట్ సరస్సు లోతు తక్కువైన ఉప్పునీటి సరస్సు కావడం వల్ల శైవలాలకు, సముద్ర గడ్డికి నిలయమైంది.

ఈ శైవలాల మధ్య చేపపిల్లలు, రొయ్యపిల్లలు దాగి పెరుగుతాయి. గ్రాసిలేరియా, జెలీడియమ్‌ల నుంచి అగార్, సర్గాస్సమ్ నుంచి ఆల్జినేట్ లభిస్తాయి. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన సముద్ర శైవలాల సాగును తీరప్రాంత మహిళలకు ఉపాధిగా ప్రోత్సహిస్తున్నది. రాయలసీమ రైతుకు కూడా శైవలం పూర్తిగా అపరిచితం కాదు. శైవల సారంతో తయారైన ద్రవాలను పంటపై పిచికారీ చేయడం వాడుకలోకి వచ్చింది. భావ్‌నగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ రూపొందించిన పరిజ్ఞానంతో ఇఫ్కో విక్రయించే ‘సాగరిక’ అటువంటిదే. 2021లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి జీవ ఉత్ప్రేరకాలను ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి తెచ్చింది. సముద్రం నుంచి పొలానికి శైవలం వస్తున్నది. పొలం నుంచి సముద్రానికి ఏమి వెళుతున్నదన్నది దానికి జోడైన ప్రశ్న.

3. నంద్యాల, ఆళ్లగడ్డ పొలాలలో కలుపు మందుల వాడకం

నంద్యాలలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం 1906లో స్థాపితమైంది. శతాబ్దానికి పైగా ఈ ప్రాంతపు పంటలకు అది ఆధారంగా నిలిచింది. అదే కాలంలో కలుపు తీసే పద్ధతి పూర్తిగా మారింది. ఒకప్పుడు ఆడకూలీలు వరుసగా వంగి చేతితో తీసిన కలుపును నేడు చాలా పొలాలలో మందు తీస్తున్నది. కలుపు తీత సమయానికి కూలీలు దొరకకపోవడం, దొరికినా ఖర్చు భరించలేకపోవడం ఇందుకు ప్రధాన కారణాలు. వరిని నాటకుండా నేరుగా విత్తే పద్ధతి వ్యాపించిన చోట కలుపు మరింత ఎక్కువై మందుపై ఆధారపడటం పెరిగింది. ఈ నేపథ్యాన్ని విస్మరించి రైతును దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు.

వరిలో ఊద, తుంగ వంటి కలుపు మొలకెత్తకముందే బ్యూటాక్లోర్ లేదా ప్రెటిలాక్లోర్ వాడతారు. నాటిన మూడు నుంచి ఐదు రోజులలోపు, మడిలో పలుచగా నీరు నిలిపి, మందును పొడి ఇసుకలో కలిపి చల్లడం తెలుగు ప్రాంతాల వాడుక. బ్యూటాక్లోర్ మోతాదు హెక్టారుకు 1 నుంచి 1.5 కిలోల క్రియాశీల పదార్థం. కలుపు మొలిచిన తరువాత బిస్‌పైరిబాక్ సోడియం వాడితే హెక్టారుకు 20 నుంచి 25 గ్రాములే సరిపోతుంది. వెడల్పాకు కలుపుకు 2,4-డి వాడతారు. శనగ, పత్తి విత్తిన వెంటనే పెండిమిథాలిన్, మొక్కజొన్నలో అట్రజిన్ వాడుకలో ఉన్నాయి. గట్లపై, కాలువ ఒడ్డున గ్లైఫోసేట్ వాడకం కూడా ఉండేది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం దానిని తెగుళ్ల నియంత్రణ నిపుణుల ద్వారానే వాడాలని పరిమితి విధించింది.

ఈ జాబితాలో గమనించవలసిన అంశం కాలం. వీటిలో చాలా మందులు విత్తిన లేదా నాటిన తొలి దినాలలోనే పడతాయి. అవే నైరుతి రుతుపవనాల వానలు కురిసే రోజులు, కాలువల నిండా నీరు పారే రోజులు. మందు నేలపై తాజాగా ఉన్నప్పుడే దానిని కడిగివేసే నీరు కూడా సిద్ధంగా ఉంటుంది.

నల్లరేగడి నేల స్వభావం ఈ పరిస్థితిని మరింత క్లిష్టం చేస్తుంది. ఎండినప్పుడు ఆ నేల లోతుగా నెర్రెలు విచ్చుతుంది. తొలి వాన నీరు ఆ నెర్రెల గుండా వేగంగా కిందికి దిగుతుంది. తడిసి ఉబ్బిన తరువాత నెర్రెలు మూసుకొని, నీరు ఇంకక పైపైనే పారుతుంది. అప్పుడు నీటితో పాటు మెత్తని బంకమట్టి కణాలు కూడా కొట్టుకుపోతాయి.

4. పొలం నుంచి సముద్రానికి నీటి దారి

నంద్యాల పరిసరాలలోని మద్దిలేరు, చామకాలువ, ఆళ్లగడ్డ సమీపాన పారే వక్కిలేరు కుందూ నదికి చేరతాయి. ఓర్వకల్లు ప్రాంతంలో పుట్టిన కుందూ దక్షిణంగా పారి కడప జిల్లా కమలాపురం సమీపాన పెన్నాలో కలుస్తుంది. పెన్నా సోమశిల జలాశయం మీదుగా నెల్లూరుకు చేరి, ఊటుకూరు వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది.

ఈ సహజ ప్రవాహం పైన మనిషి నిర్మించిన కాలువలు అల్లుకొని ఉన్నాయి. తుంగభద్రపై సుంకేసుల వద్ద మొదలయ్యే కర్నూలు–కడప కాలువ 19వ శతాబ్దంలో తవ్వినది. అది నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల పొలాలను తడుపుతూ కడప దాకా సాగుతుంది. శ్రీశైలం నీటిని వెలుగోడు జలాశయం ద్వారా తెచ్చే తెలుగుగంగ ఈ ప్రాంతం గుండానే దక్షిణానికి వెళుతుంది. పొలాలు వదిలిన మిగులు నీరు వాగుల ద్వారా కుందూలో పడుతుంది. అదే నీటిని రాజోలి ఆనకట్ట వద్ద మళ్లించి దిగువ పొలాలకు వాడుకుంటారు. ఎగువ మడిలోని మందు దిగువ మడికి చేరే అవకాశం ఈ విధంగా ఏర్పడుతున్నది. కాబట్టి కలుపు మందు ప్రయాణం నేరుగా సముద్రానికి సాగే ఏకముఖ ప్రయాణం కాదు. నిలిచి, మళ్లి, పలుచబడి, మార్పు చెంది సాగే ప్రయాణం.

దారిలో మందుకు మూడు గతులు ఉన్నాయి. మొదటిది, విచ్ఛిన్నం కావడం. సూర్యకాంతి, సూక్ష్మజీవులు చాలా మందులను చిన్న అణువులుగా విడగొడతాయి. 2,4-డి నేలలో కొద్ది రోజులలోనే సగానికి తగ్గుతుంది. అట్రజిన్, పెండిమిథాలిన్‌లకు వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు పడుతుంది. రెండవది, మట్టికి అంటుకోవడం. పెండిమిథాలిన్ నీటిలో దాదాపు కరగదు, గ్లైఫోసేట్ కరిగినా మట్టి కణాలను గట్టిగా పట్టుకుంటుంది. ఇవి రెండూ ఒండ్రుతో పాటు ప్రయాణిస్తాయి. మూడవది, నీటిలో కరిగి సాగిపోవడం. అట్రజిన్, 2,4-డి, బిస్‌పైరిబాక్ వంటివి ఈ కోవకు చెందుతాయి.

78 టీఎంసీల నిల్వ సామర్థ్యం ఉన్న సోమశిల జలాశయం ఈ దారిలో పెద్ద వడపోతగా పనిచేస్తుంది. నీరు అక్కడ నిలిచినప్పుడు ఒండ్రు అడుగున చేరుతుంది, ఎండ తగిలి మందు క్షీణిస్తుంది. సాధారణ సంవత్సరాలలో రాయలసీమ నీరు నేరుగా సముద్రాన్ని తాకే రోజులు తక్కువ. వరద కాలంలో పరిస్థితి తారుమారవుతుంది. 2021 నవంబరులో పెన్నా పరీవాహకంలో కురిసిన కుంభవృష్టికి ఉపనది చెయ్యేరుపై ఉన్న అన్నమయ్య ఆనకట్ట తెగిపోయింది. సోమశిల తలుపులన్నీ ఎత్తి నీటిని దిగువకు వదిలారు. అటువంటి రోజులలో ఎగువ పొలాల మట్టి, నీరు నిలవకుండానే సముద్రానికి చేరతాయి.

సోమశిల దిగువన నెల్లూరు డెల్టా వరి పొలాలు ఉన్నాయి. అక్కడి మురుగు కాలువలకు సముద్రం అతి చేరువ, మధ్యలో వడపోసే జలాశయం లేదు. సముద్ర శైవలాల దృష్టితో చూస్తే నిత్యం తగిలే ఒత్తిడి డెల్టా నుంచి, వరద కాలపు ఒత్తిడి నంద్యాల, ఆళ్లగడ్డల వంటి ఎగువ ప్రాంతాల నుంచి వస్తుందని చెప్పవచ్చు. నదిలోనే, కుందూ మడుగులలో, జలాశయంలో పెరిగే మంచినీటి శైవలాలు మాత్రం ఎగువ పొలాల ప్రభావాన్ని అందరికన్నా ముందుగా అనుభవిస్తాయి.

సముద్రంలో చేరిన నీరు ఎటు వెళుతుందన్నది రుతువు నిర్ణయిస్తుంది. ఈశాన్య రుతుపవన కాలంలో తూర్పు తీరం వెంట ప్రవాహం దక్షిణానికి సాగుతుంది. ఫిబ్రవరి నుంచి అది ఉత్తర దిశకు మళ్లుతుంది. అక్టోబరు, డిసెంబరు మధ్య వరదలతో పెన్నా నుంచి వెలువడిన నీరు ఒడ్డు వెంట దక్షిణంగా, పులికాట్ వైపు సాగడానికి అనువైన కాలం అదే.

5. కలుపు మందు శైవలంలో చేసే పని

కలుపు మందులన్నీ ఒకే విధంగా పనిచేయవు. ఒక్కొక్క వర్గం మొక్కలోని ఒక్కొక్క కీలక ప్రక్రియను అడ్డుకుంటుంది.

మొదటి వర్గం కిరణజన్య సంయోగక్రియను ఆపేవి. అట్రజిన్, డైయూరాన్ ఈ వర్గానికి చెందుతాయి. హరితరేణువులో కాంతిని గ్రహించే కాంతి వ్యవస్థ-2లో డి-1 అనే ప్రొటీన్ ఉంటుంది. కాంతి శక్తితో విడుదలైన ఎలక్ట్రాన్లను ప్లాస్టోక్వినోన్ అనే అణువు ఆ ప్రొటీన్ వద్ద కూర్చొని అందుకుంటుంది. కలుపు మందు ఆ పీఠాన్ని ఆక్రమిస్తుంది. ఎలక్ట్రాన్లకు దారి మూసుకుపోతుంది, ఆహార తయారీ ఆగిపోతుంది. గ్రహించిన కాంతి శక్తి వినియోగం కాక, కణాన్ని దెబ్బతీసే ఆక్సిజన్ రూపాలను పుట్టిస్తుంది. డి-1 ప్రొటీన్ వరి మడిలోని కలుపులోనూ, సముద్రంలోని ఉల్వా, సర్గాస్సమ్, గ్రాసిలేరియాలలోనూ ఉన్నది. మందుకు అవి వేరువేరు మొక్కలన్న వివేకం లేదు.

రెండవ వర్గం అమైనో ఆమ్లాల తయారీని అడ్డుకునేవి. బిస్‌పైరిబాక్ వంటివి అసిటోలాక్టేట్ సింథేజ్ అనే ఎంజైమును, గ్లైఫోసేట్ షికిమేట్ మార్గంలోని మరొక ఎంజైమును నిరోధిస్తాయి. ఈ ఎంజైములు జంతువులలో లేవు, మొక్కలలో, శైవలాలలో ఉన్నాయి. మూడవ వర్గానికి చెందిన బ్యూటాక్లోర్, ప్రెటిలాక్లోర్ కణత్వచానికి అవసరమైన పొడవైన కొవ్వు ఆమ్లాల నిర్మాణాన్ని ఆపుతాయి. నాలుగవ వర్గానికి చెందిన పెండిమిథాలిన్ కణ విభజనకు తోడ్పడే సూక్ష్మనాళికలను ఏర్పడనివ్వదు. 2,4-డి మొక్కల పెరుగుదల హార్మోనును అనుకరిస్తుంది. అది ప్రధానంగా వెడల్పాకు మొక్కలపై పనిచేసేది కాబట్టి శైవలాలపై దాని ప్రభావం సాపేక్షంగా స్వల్పం.

శైవలం జీవితంలో అన్ని దశలూ సమానంగా సున్నితమైనవి కావు. పెరిగిన శైవలం మందు తగిలి నీరసించినా, నీరు శుభ్రపడిన తరువాత కోలుకోగలదు. డైయూరాన్ వంటి మందుల పట్టు డి-1 ప్రొటీన్‌పై శాశ్వతం కాదు. సిద్ధబీజాలు, సంయోగబీజాలు మాత్రం ఏకకణాలు. వాటికి నిల్వ ఆహారం తక్కువ, దళసరి రక్షణ లేదు. నీటిలో తేలుతూ రాతిని చేరి, అంటుకొని, మొలకెత్తవలసిన కొద్ది గంటలు, కొద్ది రోజులు వాటికి ప్రాణసంకట సమయం. ఆ సమయంలోనే మందు కలిసిన వరద నీరు చేరితే పెద్ద శైవలాలు పచ్చగానే కనిపిస్తాయి గాని, మరుసటి తరం మొలకెత్తదు. నష్టం కంటికి కనిపించేది ఒక రుతువు తరువాతనే.

6. గాఢత లెక్క

నది కలుపు మందును పలుచన చేస్తుంది గదా, సముద్రంలో ఏమి మిగులుతుందన్న సందేహం సహజం. ఒక సరళమైన లెక్క ఈ సందేహానికి సమాధానం చెబుతుంది. ఎకరా వరి మడిలో అయిదు సెంటీమీటర్ల నీరు ఉంటే దాని పరిమాణం సుమారు 2 లక్షల లీటర్లు. అందులో 500 గ్రాముల క్రియాశీల పదార్థం పూర్తిగా కలిస్తే లీటరుకు దాదాపు 2,500 మైక్రోగ్రాములు అవుతుంది. ఆ మందులో నూటికి ఒక వంతు మాత్రమే నీటిలో మిగిలిన తరువాత మడిని వదిలినా, బయటపడే నీటిలో లీటరుకు 25 మైక్రోగ్రాములు ఉంటాయి. వాగులో, నదిలో అది మరో వంద రెట్లు పలుచబడితే 0.25 మైక్రోగ్రాములు.

ఈ అంకె స్వల్పంగా కనిపించవచ్చు. ఆస్ట్రేలియాలో సముద్ర గడ్డిపై జరిపి 2000లో ప్రచురించిన ప్రయోగాలలో లీటరుకు 0.1 మైక్రోగ్రాము డైయూరాన్ వద్దనే కొన్ని జాతుల కిరణజన్య సామర్థ్యం తగ్గింది. ఒక మందు అంకెను మరొక మందుకు నేరుగా అన్వయించరాదు. డైయూరాన్ శక్తి వేరు, బ్యూటాక్లోర్ శక్తి వేరు. అయినా జల మొక్కలకు ప్రమాదకరమైన స్థాయి గ్రాములలో కాదు, మైక్రోగ్రాములలో, అందులో భాగాలలో ఉంటుందన్న విషయం ఈ పోలిక వల్ల స్పష్టమవుతుంది.

7. ప్రపంచ అనుభవం

ఈ సమస్యను విస్తృతంగా అధ్యయనం చేసిన ప్రదేశం ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్. క్వీన్స్‌లాండ్ చెరకు పొలాలలో వాడిన డైయూరాన్, అట్రజిన్, హెక్సాజినోన్ వరద నీటితో పగడపు దిబ్బల పరిసరాలకు చేరినట్లు అక్కడి పరిశీలనలు నిర్ధారించాయి. 2005లో ప్రచురితమైన ఒక అధ్యయనం పగడపు దిబ్బలను సిమెంటు వలె అతికి ఉంచే సున్నపు ఎర్ర శైవలాలపై డైయూరాన్‌ను, ఒండ్రును కలిపి పరీక్షించింది. ఒండ్రు ఒక్కటే పేరుకున్నప్పటి కంటే, మందు కలిసిన ఒండ్రు పేరుకున్నప్పుడు నష్టం చాలా ఎక్కువగా కనిపించింది. నల్లరేగడి మట్టి కొట్టుకుపోయే కుందూ పరీవాహకానికి ఈ ఫలితం ఎంతో సన్నిహితమైనది. నీరు, మట్టి, మందు విడివిడిగా రావు. కలిసే వస్తాయి. వాటితో పాటు ఎరువుల నత్రజని కూడా వస్తుంది. నత్రజనితో త్వరగా పెరిగే ఉల్వా వంటి జాతులు ఒకవైపు లాభపడగా, నెమ్మదిగా పెరిగే జాతులు మందుకు, మట్టికి తట్టుకోలేక తగ్గిపోవచ్చు. తీరం పచ్చగా కనిపించినంత మాత్రాన అది ఆరోగ్యంగా ఉన్నదని భావించరాదు.

పరిష్కారానికి సంబంధించిన ఉదాహరణ అమెరికాలోని కాలిఫోర్నియా నుంచి లభిస్తుంది. శాక్రమెంటో లోయ నంద్యాల వలెనే కాలువల కింద వరి పండే ప్రాంతం. 1980ల తొలినాళ్లలో అక్కడి వరి పొలాల మురుగు కాలువలలో మోలినేట్ అనే కలుపు మందు వల్ల చేపలు చనిపోయాయి. థయోబెన్‌కార్బ్ అనే మరొక మందు నదీజలానికి చేదు రుచి కలిగించి శాక్రమెంటో నగర ప్రజలను ఇబ్బంది పెట్టింది. అధికారులు, పరిశోధకులు, రైతులు కలిసి చేపట్టిన ప్రధాన చర్య ఒకటే. మందు వేసిన తరువాత నిర్ణీత దినాలపాటు మడి నీటిని బయటకు వదలరాదన్న నియమం పెట్టారు. మందు మడిలోనే విచ్ఛిన్నమై, నదిలోని అవశేషాలు బాగా తగ్గిపోయాయి. వరి సాగు ఆగలేదు.

8. ప్రమాణాలలోని లోటు

భారతదేశంలో పురుగు మందులు, కలుపు మందులు 1968 నాటి కీటకనాశక మందుల చట్టం పరిధిలోకి వస్తాయి. తాగునీటి నాణ్యతకు సంబంధించిన 2012 నాటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 కొన్ని కలుపు మందులకు గరిష్ఠ పరిమితులు నిర్దేశించింది. లీటరుకు అట్రజిన్ 2 మైక్రోగ్రాములు, 2,4-డి 30, బ్యూటాక్లోర్ 125 మైక్రోగ్రాములు మించరాదు. మనిషి ఆరోగ్యానికి ఉద్దేశించిన ఈ అంకెలు ఆ మేరకు సమంజసమైనవి. బ్యూటాక్లోర్ అంకెను 2,4-డి అంకెతో పోల్చి చూస్తే వాటి పరిమితి తెలుస్తుంది. శైవలాలను బలంగా దెబ్బతీసే బ్యూటాక్లోర్‌కు ఇచ్చిన అవకాశం, శైవలాలకు అంతగా హాని చేయని 2,4-డికి ఇచ్చిన దానికి నాలుగు రెట్లు. మనిషి తాగడానికి పనికివచ్చే నీరు శైవలానికి క్షేమకరమని చెప్పడానికి వీలులేదు.

మందుల పర్యావరణ పరీక్షలలో సాధారణంగా మంచినీటి సూక్ష్మ శైవలాలను వాడతారు. ఆర్థిక సహకార అభివృద్ధి సంస్థ 201వ పరీక్షా విధానం ఇందుకు ప్రామాణికం. రాతిని పట్టి పెరిగి, సిద్ధబీజాల ద్వారా వ్యాపించే పెద్ద శైవలాల జీవితచక్రం ఆ పరీక్షలో ప్రతిఫలించదు. సెరామియమ్ అనే ఎర్ర శైవలం పెరుగుదలపై ఆధారపడిన ఐఎస్ఓ 10710 ప్రమాణం 2010లో వచ్చింది. మన తీరంలో లభించే ఉల్వా, గ్రాసిలేరియా జాతులతో, మన పొలాలలో వాడే మందులపై ఇటువంటి పరీక్షలు జరపడం విశ్వవిద్యాలయాల వృక్షశాస్త్ర శాఖలకు అందుబాటులో ఉన్న పని. శైవలపు కాంతి వినియోగాన్ని క్షణాలలో కొలిచే ప్రతిదీప్తి యంత్రాలు శైవలాన్ని కోయకుండానే హానిని గుర్తిస్తాయి.

ఎక్కడ కొలవాలన్నది కూడా ముఖ్యమే. నంద్యాల దిగువన కుందూ, పెన్నాతో సంగమం, సోమశిల ప్రవేశం, నెల్లూరు ఆనకట్ట దిగువ, నదీముఖం అన్న అయిదు చోట్ల నాట్ల కాలంలోనూ, తొలి వరద రోజులలోనూ నీటిని, ఒండ్రును పరీక్షిస్తే మందు ఏ మజిలీలో ఎంత తగ్గుతున్నదో తెలుస్తుంది. నెలకొకసారి తీసే నమూనా వరద రోజును తప్పిపోతుంది. ఈ సమస్యలో అసలైన రోజులు ఆ కొద్ది రోజులే.

9. నివారణ మార్గాలు

సముద్రాన్ని చేరిన మందును వెనక్కు తీసుకోలేము. మడిలో ఉన్నప్పుడే దానిని ఆపగలము. మడిలో ఆగిన మందు కలుపుపై పనిచేస్తుంది, బయటకు పోయిన మందు రైతు డబ్బును కూడా తీసుకుపోతుంది. ఈ విషయంలో రైతు ప్రయోజనం, శైవలం ప్రయోజనం ఒక్కటే.

వరిలో మందు చల్లేముందు గట్ల బొరియలు పూడ్చి, తూము మూసి, కనీసం వారం రోజులు నీరు బయటకు పోకుండా చూడటం ప్రధానం. జపాన్‌లో కూడా మందు వేసిన తరువాత ఏడు రోజులు నీరు నిలపాలన్న నియమం పాటిస్తారు. కర్నూలు–కడప కాలువ, తెలుగుగంగ ఆయకట్టులో ఇది ఒక్క రైతు చేతిలో ఉన్న పని కాదు. పై మడి నీరు కింది మడి మీదుగా పారే చోట ఇరుగుపొరుగు రైతులు, నీటి వినియోగదారుల సంఘాలు ఒక మాట మీద ఉండాలి. కాలువ నీటి వంతును నాట్ల తరువాతి వారానికి అనుగుణంగా సర్దడం నీటిపారుదల శాఖ చేయగలిగిన సాయం.

మెట్ట పంటలలో వాన సూచన చూసి మందు వేయడం, వాలుకు అడ్డంగా విత్తడం, పొలం దిగువ అంచున గడ్డి పట్టీ లేదా వట్టివేరు పెంచడం మట్టిని, దానితో పాటు పెండిమిథాలిన్ వంటి మందులను ఆపుతాయి. జీలుగ, జనుము పచ్చిరొట్టగా వేయడం, విత్తేముందు ఒక తడి ఇచ్చి మొలిచిన కలుపును దున్నివేయడం, వరుసల మధ్య గుంటక తోలడం, వరిలో కోనో వీడర్ నడపడం మందు అవసరాన్నే తగ్గిస్తాయి. ఈ పనులకు కూలీ, యంత్రం కావాలి. మందు ధర కన్నా ఇవి చౌకగా అందినప్పుడే రైతు వీటిని ఎంచుకోగలడు. కాబట్టి కలుపు తీసే పరికరాలకు రాయితీ కల్పించడం సముద్ర రక్షణకు కూడా పెట్టుబడి అవుతుంది.

చట్టపరమైన నియంత్రణ దీనికి తోడు కావాలి. 2018లో వెలువడిన ఉత్తర్వు ప్రకారం అలాక్లోర్ 2020 డిసెంబరు 31 నుంచి నిషిద్ధమైంది. 2020 మే నెలలో ప్రకటించిన ముసాయిదాలో నిషేధానికి ప్రతిపాదించిన 27 మందులలో అట్రజిన్, బ్యూటాక్లోర్, 2,4-డి, డైయూరాన్, పెండిమిథాలిన్ ఉన్నాయి. 2023లో తుది నిషేధం వాటిలో మూడింటికే పరిమితమైంది. ఈ కలుపు మందులు వాడుకలో కొనసాగుతున్నాయి. వాడుకలో ఉన్నంతకాలం వాటిని ఏ విధంగా వాడాలన్నదే ప్రధాన ప్రశ్నగా నిలుస్తుంది.

10. ముగింపు

కలుపు మందు ఎంపిక చేసి చంపుతుందని అంటారు. ఆ ఎంపిక వరికి, ఊదకు మధ్య ఉన్నదే గాని, ఊదకు, సముద్రంలోని శైవలానికి మధ్య లేదు. నంద్యాల, ఆళ్లగడ్డ పొలాలు సముద్రానికి దూరమైనా నీటికి ఆ దూరం అడ్డు కాదు. దారిలోని జలాశయం సాధారణ రోజులలో రక్షణ ఇస్తుంది, వరద రోజులలో ఇవ్వలేదు. మనిషికి పెట్టిన ప్రమాణాలు శైవలానికి సరిపోవు. ఈ మూడు అంశాలను కలిపి చూసినప్పుడు రక్షణ బాధ్యతను నదీముఖానికి వదిలివేయడం కుదరదని తేలుతుంది. నాటు వేసిన వారం రోజులు మడి తూమును మూసి ఉంచడం ఖర్చు లేని పని. కుందూ మడుగులలోని నాచు మొదలు పులికాట్ సముద్ర గడ్డి దాకా, వాటి మధ్య పెరిగే చేపపిల్లలు, వాటిపై ఆధారపడిన మత్స్యకారుల బతుకు ఆ చిన్న పనితో ముడిపడి ఉన్నాయి.